అమ్మ కారేసుకొని బయల్దేరిన రౌడీలు

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 120 రూపాయలకు దొరికింది అమెరికన్ రచయిత టి.సి. బాయిల్ ‘గ్రీసీ లేక్’ కథల పుస్తకం. 1985లో వచ్చిన సంపుటి. నాకు దొరికిన కాపీ బైండింగ్ ఎంత వదులంటే నల్గొండలో బస్సు దిగేసరికి నాలుగు పేజీలు చేతిలోకి వచ్చేశాయి, అయినా పైసా వసూల్. పుస్తకానికి పేరిచ్చిన కథ గురించే రాస్తాను, దాన్ని మూడుసార్లు చదివాను మరి.

ముగ్గురు 19 ఏళ్ల పోరగాళ్లు. చిరిగిన తోలు జాకెట్లు, నోట్లో టూత్‌పిక్. తాము ఎంత డేంజర్ మనుషులో చెప్పుకునేది వాళ్లే, తిరిగేది మాత్రం అమ్మ కారులో. ఒకడి చెవికి బంగారు నక్షత్రం ఉంటుంది, వాడి కాలేజీ ఫీజు నాన్న కడుతుంటాడు. బాయిల్ ఈ రెండూ ఒకే వాక్యంలో చెప్పేసి, అందులో నవ్వాల్సిందేమీ లేనట్టు ముందుకెళ్లిపోతాడు. సీటు కింద టైరు విప్పే ఇనుప రాడ్డు ఒకటి. ఎందుకంటే రౌడీలు పెట్టుకుంటారు కదా! కథ చెప్పేవాడేమో ఆరో తరగతి తర్వాత ఎవరితోనూ కొట్లాడిన పాపాన పోలేదు.

ఇక్కడ నాకు మా స్క్రూడ్రైవర్ దోస్తు గుర్తొచ్చాడు. ఇంటర్‌లో మేము పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద చీకటి పడేదాకా కూర్చొని, వచ్చేపోయేవాళ్లను గుర్రుగా చూసేవాళ్లం, అదే మా రౌడీయిజం. వాడు జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకొని తిరిగేవాడు, ‘అవసరం పడొచ్చు’ అని. రెండేళ్లలో ఒకేసారి అవసరం పడింది, మా అక్క టేబుల్ ఫ్యాన్ ఊడిపోతే.

ఈ కథలో పోరగాళ్లకు అంత అదృష్టం లేదు. అర్ధరాత్రి దాటాక గ్రీసీ లేక్ అనే చెరువు దగ్గర దోస్తు కారనుకొని హారన్ కొట్టి ఆటపట్టించబోతే, అందులోంచి అసలు రౌడీ దిగుతాడు. కారు తాళాలు చీకట్లో గడ్డిలో పడిపోతాయి, రాడ్డు నిజంగానే ఒకరి తల మీద పడుతుంది, తర్వాత అక్కడున్న అమ్మాయి మీద వీళ్లే పడతారు. అక్కడ చదవడం కష్టంగా ఉంది, ఉండాలి కూడా, ఎందుకంటే అప్పటిదాకా మనం వీళ్లను చూసి ముద్దుగా నవ్వుకుంటున్నాం. ఆ అమ్మాయిని మాత్రం కథ తొందరగా వదిలేసిందని నా కంప్లైంట్, ఒక స్టార్ అక్కడే కట్.

పారిపోయి నీళ్లలో దిగినవాడి చేతికి శవం తగులుతుంది. తెల్లారాక, అమ్మ కారు అద్దాలన్నీ పగిలి, వీళ్లు బురదలో వణుకుతుంటే, వేరే ఇద్దరమ్మాయిలు వస్తారు. అందులో ఒకామె వీళ్లను చూసి మీరు పెద్ద రౌడీల్లా ఉన్నారే అంటుంది. కథ మొదటి నుంచీ వాళ్లు చెవులు కోసుకున్న బిరుదు, తీరా దొరికేసరికి ఇంటికి పోయి పడుకుంటే చాలనిపిస్తోంది, ఒకడికైతే ఏడుపొక్కటే తక్కువ. ఎక్కడా పెద్దరికంతో నీతులు చెప్పకుండా, ఒక్క మాటతో వీళ్ల పరువు తీశాడు బాయిల్ మహానుభావుడు.

ఇంగ్లిష్ మరీ కష్టమేం కాదు, పాత అమెరికన్ కార్ల పేర్ల దగ్గరే ఆగి ఫోన్‌లో బొమ్మలు చూసుకోవాలి. నాలుగు స్టార్లు. పుస్తకం ఇప్పుడు స్క్రూడ్రైవర్ వాడి దగ్గరుంది, మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాడు. నిన్న మెసేజ్ పెట్టాడు: ‘సగం చదివిన, ఇది నా మీద రాసిండా ఏంది?’