మా ఇంటి చుట్టూ బుల్లి రైలు: నల్లరేగడితో నా గొడవ

ఇంటి చుట్టూ మనుషులు ఎక్కి తిరిగే బుల్లి రైలు వేసుకున్నాక నేను ఎక్కువగా తిట్టుకున్నది ఇంజన్‌ని కాదు, బ్యాటరీల్ని కాదు, చివరికి పట్టాల్ని కూడా కాదు. వాటి కింద ఉన్న మట్టిని. డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో మాది ఎకరం స్థలం. ఇక్కడి నేల అచ్చంగా మన నల్లరేగడే. హ్యూస్టన్ బ్లాక్ అంటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. గుంటూరు, కర్నూలు వైపు పుట్టినవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ మన దగ్గర ఆ నేలలో పత్తి వేస్తాం. నేను పట్టాలు వేశాను.

గేజ్, స్కేల్, మోటార్ల సంగతి ఇక్కడ రాయను, ఈ సరదా ఉన్నవాళ్లందరికీ తెలిసినవే. నాది 7½ అంగుళాల గేజ్ (అంటే రెండు పట్టాల మధ్య దూరం), అల్యూమినియం పట్టాలు, ప్లాస్టిక్ స్లీపర్లు, 24 ఓల్టుల బ్యాటరీ ఇంజన్, కూర్చునే బండ్లు రెండు. మొత్తం చుట్టు సుమారు 700 అడుగులు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ఇంగ్లండ్‌లో 7¼ అంగుళాల గేజ్ ఎక్కువ. పావు అంగుళమే కదా అని అటునుంచి సెకండ్ హ్యాండ్ బండి తెప్పించుకుంటే ఇక్కడి పట్టాల మీద అది నడవదు. కొనేముందు టేపు పెట్టి కొలవండి. బేసిక్స్ గురించి ఇంతే.

పట్టాలు 2021 వసంతంలో పడ్డాయి. కింద మట్టి చదును చేసి, మట్టి, కంకర కలిసిపోకుండా ఫ్యాబ్రిక్ పరిచి, పైన 3/8 అంగుళం సైజు కంకర చిప్స్ పోసి, ఆ కంకర మీద పదేసి అడుగుల ప్యానెళ్లు (స్లీపర్లకి బిగించిన పట్టాల ముక్కలు) ఊరికే కూర్చోబెట్టడం. కాంక్రీటు లేదు, బోల్టులు భూమిలోకి దిగవు. కాంక్రీటు పోయమని చెప్పినవాళ్లు చాలామంది. పొయ్యకపోవడమే ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన విషయం. ఈ నేల మీద కాంక్రీటు కూడా పగులుతుంది. పగిలితే అది ఇక అంతే. ప్యానెల్ అయితే బోల్టులు విప్పి, ఎత్తి, కింద నాలుగు గుప్పిళ్ల కంకర నెట్టి, మళ్లీ దించేయొచ్చు. మొదటి ఏడాది నేల తడిగానే ఉంది, ఏ ఇబ్బందీ రాలేదు. ఎవరడిగినా "ఒకసారి వేశాక మర్చిపోవచ్చండీ" అనేవాణ్ణి. ఆ మాట మొదటి ఏడాదికి మాత్రమే వర్తిస్తుందని ఇప్పుడు చేరుస్తున్నాను.

లైను ఎటుగా వెళ్లాలన్న దగ్గర ఇంట్లో కొంత చర్చ జరిగింది. వాల్ట్ డిస్నీ 1950లో లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంటి చుట్టూ ఇలాంటి రైలే వేసుకున్నాడు, 2,615 అడుగులు. భార్య లిలియన్ పూలతోట పాడవకుండా దాని కింద 90 అడుగుల సొరంగం తవ్వించి, సరదాకి ఆవిడతో ఒప్పంద పత్రం కూడా రాయించుకున్నాడు. మా ఆవిడ పత్రాలేమీ అడగలేదు. గోంగూర మడి జోలికి రావద్దంది. టెక్సస్ ఎండల్లో ఏదీ బతకని నెలల్లో కూడా గోంగూర మాత్రం నడుమెత్తు పెరుగుతుంది, కాబట్టి ఆ షరతు న్యాయమైనదే. లైన్ని మడి పక్కనుంచి, ఒక్క అడుగు దూరంలో వంచి తీసుకెళ్లాను. ఈ మడి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

2022 వేసవి. డాలస్ ఎయిర్‌పోర్టు లెక్కల్లో జూన్ 4 నుంచి ఆగస్టు 9 దాకా, 67 రోజులు, కొలవదగ్గ చినుకు పడలేదు. జూలైలో ఎండ 43 డిగ్రీల దగ్గరికి పోయింది. నేల ఎండటం మొదలవగానే నాకు తెలిసింది పెరట్లో ఓక్ చెట్టు దగ్గర. అక్కడ లైను మలుపు తిరుగుతుంది. చెట్టు తన వైపు మట్టిలోని తడి మొత్తం లాగేసుకుంటుంది, అందుకని చెట్టు వైపు పట్టా కుంగింది, అవతలిది నిలబడింది. రెండు పట్టాల మధ్య ఎత్తు తేడా అర అంగుళం. అర అంగుళమంటే ఏముంది అనిపిస్తుంది. 7½ అంగుళాల గేజ్‌కి అర అంగుళమంటే, మన బ్రాడ్‌గేజ్ లెక్కలో నాలుగు అంగుళాలకు పైనే. అదైనా లైను పొడుగూతా ఒకే తేడా ఉంటే బండి వాలి నడుస్తుంది తప్ప పడదు. ఇక్కడ పది అడుగుల్లో సున్నా నుంచి అర అంగుళానికి వెళ్లి, తర్వాతి పది అడుగుల్లో మళ్లీ సున్నాకి వస్తోంది. పట్టాలు మెలి తిరిగాయన్నమాట. బండి కింద బోగీ (పెట్టె కాదు, నాలుగు చక్రాల చట్రం) బిగుతుగా ఉంటే నాలుగు చక్రాలూ ఆ మెలిక మీద ఆనవు, ఒకటి గాల్లోకి లేస్తుంది. లేచిన చక్రానికి దారి చూపించేవాళ్లు లేరు.

పట్టాలు తప్పిన రోజు ముందు బండి మీద నేనున్నాను, వెనక బండి మీద మా చిన్నాడూ పక్కింటి పిల్లా. స్పీడు మనిషి వడివడిగా నడిచినంత. నా బండి మలుపు దాటిపోయింది. వెనక బండి చక్రం పట్టా ఎక్కి, కంకరలోకి దిగి, స్లీపర్ల మీద దడదడలాడుతూ కొంత దూరం వచ్చి ఒరిగింది. పిల్లలు గడ్డి మీదికి దొర్లారు. దెబ్బలేమీ లేవు, మా వాడైతే ఇంకోసారి చెయ్యమన్నాడు. నేను మాత్రం పక్కింటివాళ్లకి ఏం చెప్పాలా అని సాయంత్రం దాకా టెన్షన్ పడ్డాను. బరువున్న నా బండి బాగానే పోయి, తేలిక బండి ఎందుకు పడిందంటే కారణం ఆ తేలికే: పైన బరువు లేకపోతే చక్రం పట్టా అంచు మీదికి సులువుగా పాకుతుంది. ఎవరైనా కొత్త లైను పరీక్షించేటప్పుడు తాము కూర్చుని తిరిగి "బావుంది" అనుకుంటారు. ఖాళీ బండిని తోలి చూడండి, అసలు రంగు అప్పుడు బయటపడుతుంది.

ఆ వేసవి మా మావయ్యగారు మా దగ్గరే ఉన్నారు. గుంటూరు-గుంతకల్లు లైన్లో మీటర్ గేజ్ రోజుల నుంచీ పనిచేసి, గ్యాంగ్ మేట్‌గా, అంటే పట్టాలు సరిచేసే కూలీల పెద్దగా, రిటైరయిన మనిషి. అంతకుముందు వరకు నా రైలుని ఆయన రైలుగా గుర్తించలేదు. పిల్లలు పడ్డాక మాత్రం మర్నాడు తెల్లారేసరికి రసమట్టం, గడ్డపార పట్టుకుని ఓక్ చెట్టు దగ్గర కూర్చున్నారు. కంకర చూసి "ఇది కంకరా అండీ, ఇడ్లీ రవ్వ" అన్నారు. పెద్ద రైళ్లకి 50 మిల్లీమీటర్ల రాయి వేస్తారు కాబట్టి ఇక్కడ కూడా అలాంటిదే తెప్పించమని పట్టుబట్టారు. అంగుళం ఎత్తు పట్టా, దాని కింద పిడికెడు రాళ్లు! ఆ ఒక్క విషయంలో నేను లొంగలేదు. గుండ్రటి గులకరాళ్లు పనికిరావని, కొట్టిన రాయే ఒకదాన్నొకటి పట్టుకుంటుందని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. రెండు వారాంతాలు ప్యాకింగ్ కొట్టాం. కుంగిన చోటల్లా ఎత్తి, కంకర కుక్కి, బుడగ మధ్యకి తెచ్చాం. లైను చూడముచ్చటగా తయారైంది.

ఆగస్టు 22న వాన పడింది. ఇరవైనాలుగు గంటల్లో తొమ్మిది అంగుళాలకు పైగా. రోడ్ల మీద కార్లు తేలాయి. మా కంకర పెద్దగా కొట్టుకుపోలేదు, ఫ్యాబ్రిక్ ఆ మేరకు తన పని చేసింది. కానీ నెర్రెల్లోకి నీళ్లు దిగి, మట్టి ఉబ్బడం మొదలుపెట్టింది. కొన్ని వారాల్లో, మేము కష్టపడి ఎత్తిన చోట్లన్నీ మిట్టలయ్యాయి. ఎండలో కుంగిందని మేము పోసిన కంకర కంకరగానే ఉంది, కింద నేల తన పాత ఎత్తుకి తిరిగొచ్చింది. రెండూ కలిసి ఓక్ చెట్టు దగ్గర ఈసారి మెలిక రెండో వైపుకి తిరిగింది. మావయ్యగారు రసమట్టం పెట్టి చూసి, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అల్లుడుగారూ, ఇది ప్యాకింగ్‌కి లొంగే జబ్బు కాదండీ. నీళ్ల జబ్బు" అన్నారు.

ఇక్కడికే గోంగూర మడి వస్తుంది. లైను మొత్తం కొలుచుకుంటూ వస్తుంటే ఆ మడి పక్కన ఉన్న ముప్ఫై నలభై అడుగుల మేర బుడగ కదల్లేదు. ఎండల్లోనూ కదల్లేదని అప్పుడు గుర్తొచ్చింది: జూలైలో మేము ముట్టుకోని ముక్క అదొక్కటే. మా ఆవిడ రోజూ సాయంత్రం మడికి నీళ్లు పెడుతుంది. ఆ తడి పక్కకి పాకి పట్టాల కింది మట్టిని ఏడాది పొడుగూతా ఒకే రకంగా ఉంచింది. ఉబ్బడమూ లేదు, కుంగడమూ లేదు.

డాలస్‌లో ఉండేవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. ఇక్కడ వేసవి వస్తే ఇంటి పునాదికి నీళ్లు పెడతారు. సోకర్ హోస్ అని చెమ్మ కారే గొట్టం ఒకటి గోడకి అడుగున్నర దూరంలో పరిచి, టైమర్ పెట్టి వదిలేస్తారు, లేకపోతే గోడలు పగులుతాయి. మా ఇంటికీ అదే ఏర్పాటుంది. ఆ గొట్టాన్నే రైలు లైనుకి కూడా వేశాను. పట్టాల కింద కాదు, కంకర అంచుకి అడుగు దూరంలో, రెండు పక్కలా. కింద పెడితే బండి బరువుకి మట్టి బురదై కంకరలోకి ఎగదన్నుతుంది. నీళ్లు రాత్రిపూట కొద్దికొద్దిగా, జూన్‌లో నేల ఎండకముందే మొదలుపెట్టాలి. ఎండిపోయాక మొదలుపెడితే నెర్రెలు మింగేస్తాయి తప్ప మట్టి పీల్చదు.

దీని వల్ల సమస్య పోయిందా అంటే, చాలావరకు. 2023లో మళ్లీ ఎండలు మండినప్పుడు చుట్టు మొత్తం మీద ప్యాకింగ్ కావాల్సిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఓక్ చెట్టు మాత్రం ఇప్పటికీ ఏటా పావు అంగుళం లాగుతుంది. చెట్టు కొట్టెయ్యమన్నవాళ్లున్నారు, ఆ ఎండలో నీడ ఇచ్చేది అదొక్కటే కాబట్టి ఉంచాను. ఇక నీళ్లు పెట్టిన చోటికి గరిక వస్తుంది. బెర్ముడా గ్రాస్ అని ఇక్కడ లాన్లలో వేసేది మన గరికే. ఫ్యాబ్రిక్ కింది నుంచి రానివ్వదు, కానీ గరిక పక్కనుంచి పాకుతూ వచ్చి స్లీపర్ల మధ్య వేళ్లూనుతుంది. వినాయక చవితికి మా ఇంటి చుట్టుపక్కలవాళ్లు పత్రి కోసం మా లైను దగ్గరికే వస్తారు. ఫైర్ యాంట్స్ అనే కుట్టే చీమలు కూడా తడి కంకరలో పుట్టలు పెడతాయి, వంగి పని చేసేటప్పుడు చూసుకోండి.

అల్యూమినియం పట్టాల మీద రెండు ముక్కలు. తుప్పు లేదు, తేలిక, వంచడం సులువు, అన్నీ నిజమే. కానీ ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. గడ్డకట్టే చలి నుంచి ఎండకి పట్టా 60 డిగ్రీలకి వేడెక్కే దాకా లెక్కేస్తే, పదడుగుల ముక్క 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మా చుట్టు మొత్తం మీద అది దాదాపు ఒక అడుగు. ఆ అడుగు ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. నాకు ప్యానెళ్లు అమ్మినవాళ్లు ఇచ్చిన ఫిష్‌ప్లేట్లలో (పట్టా ముక్కల్ని కలిపే పలకలు) బెజ్జాలు గుండ్రంగా, బిగుతుగా ఉన్నాయి. సాగడానికి సందే లేదు. నేను బెజ్జాల్ని పొడుగ్గా కోసుకుని, బోల్టులు కాస్త వదులుగా పెట్టి, ఏటా చలికాలంలో గ్రాఫైట్ రాస్తున్నాను. అది రాయమన్నది మావయ్యగారే. పెద్ద లైన్లో కూడా ఏడాదికోసారి చేసే పనేనట.

కారు దారి దాటే చోట మాత్రం కాంక్రీటు తప్పలేదు. ఆ పలక కదలదు, అటూ ఇటూ ఉన్న మట్టి కదులుతుంది, అందుకని రెండు వైపులా మెట్టు పడుతుంది. వంతెన మీదికి ఎక్కేటప్పుడు రైలు కుదిపేది ఇందుకే. అక్కడ చిన్న జాకీ ఒకటి, కంకర బకెట్ ఒకటి ఎప్పుడూ ఉంచుతాను.

ఇదంతా చదివి వేసుకోవాలా వద్దా అని అడిగితే, నా సమాధానం నా పరిస్థితులకి సరిపోయేది. నాకు ఎకరం ఉంది, పెరట్లో ఇది కట్టకూడదు అది కట్టకూడదు అనే హోమ్ ఓనర్స్ అసోసియేషన్ లేదు, ఇంట్లో మడికి నీళ్లు పెట్టేవాళ్లున్నారు, వారాంతాల్లో గడ్డపార పట్టుకోవడం నాకు సరదా. ఈ నాలుగింట్లో ఏది లేకపోయినా ఈ నేల మీద వద్దనే చెప్తాను. హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్లు ముందు హాక్లీ దగ్గర జూబ్ పార్కులోని క్లబ్ లైన్ ఎక్కి చూడండి, వాళ్లు కట్టుకున్నది చూస్తే ఎంత పని ఉంటుందో అర్థమవుతుంది. మొయినాబాద్‌లోనో చేవెళ్లలోనో ఫామ్‌హౌస్ చుట్టూ వేద్దామని ఫోన్ చేసే స్నేహితులకి చెప్పేది ఒకటే: మీ నేల ఎర్ర చల్కా అయితే నా గొడవల్లో సగం మీకుండవు. అల్యూమినియం దిగుమతి చేసుకోకుండా ఉక్కు పట్టీని నిలబెట్టి వేసుకోండి, ఇంగ్లండ్‌లో చాలామంది అలాగే చేస్తారు. నల్లరేగడి అయితే ముందు బోరులో నీళ్లెన్ని ఉన్నాయో చూసుకుని, ఆ తర్వాత పట్టాల ధర కనుక్కోండి.