మీసోథీలియోమాకు రేడియేషన్, ఆపరేషన్ కలిపి చేసే వైద్యం: విశాఖలోని ఒక ఆసుపత్రి సేవలపై సమీక్ష

మా పెదనాన్నగారు ఓడల మరమ్మతు పనిలో బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు ఆస్‌బెస్టాస్ చుట్టిన తరం మనిషి. పని మానేసి ఆమదాలవలసలో స్థిరపడిన ఎన్నో ఏళ్లకు, ఊపిరితిత్తిని కప్పి ఉండే ప్లూరా పొరలో మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడింది. ఆస్‌బెస్టాస్ ధూళి పీల్చినవారిలో ఈ జబ్బు సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ల తర్వాత గాని తల ఎత్తదు. రేడియేషన్‌ను, ఆపరేషన్‌ను కలిపి చేస్తామని ప్రకటించుకున్న విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి ఆయనను తీసుకువెళ్లాము.

అక్కడ అన్నిటికన్నా మెచ్చుకోవలసినది, ఛాతీ సర్జన్, రేడియేషన్ డాక్టరు ఒకే గదిలో, ఒకే సీటీ స్కాన్ ముందు కూర్చుని మాతో మాట్లాడటం. ఈ వైద్యానికి ఆ పొత్తే ప్రాణం. టొరంటో వైద్యులు 2008లో మొదలుపెట్టిన పద్ధతిలో, జబ్బు ఉన్న పక్క ఛాతీకంతటికీ 5 విడతల్లో మొత్తం 25 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ ఇచ్చి, ఆ తర్వాత సుమారు వారంలోపే ఆ పక్క ఊపిరితిత్తిని ప్లూరాతో సహా తీసివేస్తారు. గుండె పైపొరను, ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర డయాఫ్రంను కూడా తొలగించి కృత్రిమ పొరలు అమరుస్తారు. అంత రేడియేషన్ తగిలిన ఊపిరితిత్తి లోపలే ఉండిపోతే వాచి ప్రాణం మీదికి వస్తుంది కనుక, ఒకసారి మొదలుపెట్టాక ఐసీయూలో పడక లేదనో, మత్తు డాక్టరు ఊళ్లో లేరనో ఆపరేషన్‌ను వాయిదా వేయడానికి వీలుండదు.

అందుకే నేను యంత్రం గురించి కాక తేదీల గురించి అడిగాను. "థియేటరు తేదీ, ఐసీయూ పడక ఖాయం కాకుండా మొదటి విడత రేడియేషన్ కూడా ఇవ్వనివ్వనండీ" అని సర్జన్ నిక్కచ్చిగా చెప్పారు. అంతటితో ఆగక, పెదనాన్నగారికి ఈ మార్గం తగదని కూడా ఆయనే తేల్చారు. బయాప్సీలో తేలినది రెండు రకాల క్యాన్సర్ కణాలు కలిసిన మిశ్రమ రకం. ఈ పద్ధతి వల్ల ఎక్కువ మేలు కనిపించినది ఎపిథీలియాయిడ్ అనే మరో రకంలో. పైగా శ్వాస పరీక్ష ప్రకారం ఒక్క ఊపిరితిత్తితో నెట్టుకురాగల శక్తి ఆయనకు లేదు. మరి ఊపిరితిత్తిని ఉంచి పొరను మాత్రమే ఒలిచే ఆపరేషన్ చేయవచ్చు కదా అంటే, బ్రిటన్‌లో 335 మందితో జరిగి 2024లో వెలువడిన మార్స్ 2 అనే వైద్య పరిశోధన ఫలితాలను ముందుంచారు. అందులో కీమోథెరపీ మాత్రమే పొందినవారి మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 24.8 నెలలు కాగా, దానికి ఆపరేషన్ కూడా తోడైనవారిది 19.3 నెలలే. తన చేతికి వచ్చే కేసును తానే వదులుకుని ఈ లెక్క చెప్పిన సర్జన్ మీద నాకు గురి కుదిరింది.

చివరకు కీమోథెరపీ, నొప్పి తగ్గడానికి పక్కటెముకల దగ్గర కొద్దిపాటి రేడియేషన్ నిర్ణయించారు. టెక్నీషియన్ ఛాతీ మీద మార్కరుతో గీతలు గీసి, చెమటకు చెరగకుండా పారదర్శకమైన ప్లాస్టరు అంటించి, "తాతగారూ, అక్కడ సబ్బు రుద్దకండి" అని రెండుసార్లు చెప్పి పంపింది.

లోటు బిల్లుల కౌంటరులో కనిపించింది. ప్రకటనలో ఒకే ప్యాకేజీ అన్నది అక్కడ రెండు విభాగాల రెండు అంచనాలుగా మారింది. ఐసీయూ ఖర్చు రెండింటిలోనూ లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో, ఏది రాదో చెప్పగలిగినవారు ఆ పూటకు ఎవరూ దొరకలేదు. పొలం తాకట్టు పెట్టి వచ్చే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

డాక్టర్ల సలహా కోసమైతే ఈ ఆసుపత్రికి నిస్సందేహంగా వెళ్లవచ్చు. ఆపరేషన్ దాకా వస్తే మాత్రం మొత్తం అంచనాను, థియేటరు తేదీని కాగితం మీద రాయించుకోవాలి. బయాప్సీ నివేదిక ఒక్కటే సరిపోదు, బయాప్సీలో తీసిన ముక్కను భద్రపరచిన స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడుగుతారు. మేము వాటి కోసం మళ్లీ శ్రీకాకుళం రావలసి వచ్చింది.