2.3 లక్షలు తిరిగిన నా డిజైర్, బాబాయి ఇన్నోవా

2013లో కొన్న డిజైర్ డీజిల్ ఇప్పటికి 2 లక్షల 30 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదు. ఇల్లు విజయవాడ సింగ్ నగర్, పని గుంటూరులో, రోజూ వారధి దాటి వెళ్లి రావడమే కాబట్టి ఎక్కువ హైవే కిలోమీటర్లే, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నలిగిన బండికి దీంతో పోలిక పెట్టకండి.

దీంట్లో ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్, 1248 సీసీ. ఇదే ఇంజన్ టాటా విస్టాలోనూ ఉండేది, ఫియట్ పుంటోలోనూ ఉండేది, అందుకే ఎవరైనా ఏ కంపెనీ ఇంజన్ గట్టిది అంటే నాకు నవ్వొచ్చిద్ది. వాల్వుల్ని పిస్టన్లతో లయ తప్పకుండా తిప్పేది టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే గోల లేదు, 10 వేలకోసారి ఆయిలు, ఫిల్టర్లు, హైవే దిగాక ఆపేముందు అర నిమిషం ఐడిల్‌లో పెట్టడం, వేడెక్కిన టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే ఫ్యాను) కాస్త చల్లబడాలని. క్లచ్ ఒకసారి మార్చా, ఇన్ని కిలోమీటర్లకి అది మామూలే. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ మానేసింది కాబట్టి దీన్ని వదల్లేకపోతున్నా కూడా.

బాబాయి ఇన్నోవా 2.5 డీజిల్, 2010ది, గుంటూరు మిర్చి యార్డు పనుల మీద తిరిగి తిరిగి 4 లక్షలు దాటింది (వెనక సీట్లో కూర్చుంటే ఇప్పటికీ తుమ్ములొస్తయ్). దానికి చైన్ కాదు, బెల్టు, లక్షన్నరకోసారి మార్చాల్సిందే, తెగిందంటే వాల్వులు వెళ్లి పిస్టన్లకి కొట్టుకుంటయ్. సీటు కవర్ల దగ్గర పైసా పైసా లెక్కేసే మనిషి బెల్టు విషయంలో మాత్రం కిలోమీటర్లు అవ్వకముందే షెడ్డులో ఉంటాడు.

మా బావమరిది బండి వేరే కంపెనీది, పేరు వద్దులెండి, తప్పు బండిది కాదు. కూలెంట్ బదులు రెండేళ్లు బోరు నీళ్లు పోశాడు. మే నెల ఎండలో గన్నవరం దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత ఎక్కినా హనుమాన్ జంక్షన్ దాకా అలాగే తోలాడు. ఆటోనగర్‌లో మెకానిక్ ఆయిల్ మూత తిప్పి చూపిస్తే లోపల మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది, ‘నీళ్లు ఆయిల్లో కలిసినయ్ అన్నా, హెడ్ గ్యాస్కెట్ పోయింది’ అన్నాడు, అంటే ఇంజన్‌ పైభాగానికీ కిందభాగానికీ మధ్య నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే సీలు. 80 వేలు కూడా తిరగలేదు పాపం అది.

ఇక 2024 సెప్టెంబరులో బుడమేరు వరద. నాదీ పక్కింటాయనదీ ఒకే మోడల్, ఒకే ఇంజన్, రెండూ సీట్ల పైదాకా మునిగినయ్. నేను తాళం కూడా పెట్టకుండా బ్యాటరీ వైరు పీకి, నీళ్లు తీశాక టోయింగ్ చేయించి షెడ్డుకి పంపా. ఆయన స్టార్ట్ అవుద్దేమో చూద్దాం అని తాళం తిప్పాడు, సిలిండర్లోకి చేరిన నీళ్లకి పిస్టన్‌కి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగింది, చివరికి పాత ఇనుప సామాను కింద అమ్మేశాడు. నాదాంట్లో ఆయిల్ రెండుసార్లు మార్చి, వైరింగ్ ఆరబెట్టి, సీట్లు విప్పి ఎండలో పెడితే మూడు వారాలకి రోడ్డెక్కింది. ఏసీ వేస్తే బురద వాసన మాత్రం ఇప్పటికీ వచ్చిద్ది.