మిర్చి యాప్: తర్వాత నేర్పడమా, ముందే అడగడమా?

గుంటూరు మిర్చి రైతులకు యాప్ చేయాలంటే రెండు దారులు. ఒకటి, ఆఫీసులో తయారుచేసేసి తర్వాత డ్వాక్రా మీటింగులో ఆడవాళ్లకు ట్రైనింగ్ ఇవ్వడం. పని త్వరగా అవుతుంది, ఖర్చూ తక్కువే. కానీ పాస్‌బుక్ భర్త పేరున ఉండి, ఓటీపీ ఆయన ఫోన్‌కి వస్తే కథ లాగిన్ దగ్గరే ఆగిపోతుంది.

రెండోది, మొదటి స్క్రీన్ గీయకముందే వాళ్లతో కూర్చోవడం. కోతలు, కల్లంలో ఆరబెట్టడం, రంగు పోయిన తాలుకాయలు ఏరడం ఎక్కువగా వాళ్ల చేతుల మీదే నడుస్తాయి. అందుకే యార్డు ధరతో పాటు కూలీల లెక్క, కాయలో తేమ, తేజ, 334 అనే మిర్చి రకాల గ్రేడింగ్ లాంటివి అప్పుడే బయటికొస్తాయి. టైపింగ్ బదులు మాటతో నడిచేది కావాలనీ అడగొచ్చు. కోతల రోజుల్లో మీటింగ్ పెడితే మాత్రం ఎవరూ రారు! ఆలస్యమైనా నా ఓటు దీనికే. అయితే ఆ పూట కూలి డబ్బులు ఇచ్చి మరీ కూర్చోబెట్టాలి.