అరకుకా, బస్తర్‌కా? బెజవాడ నుంచి అడవి దారి పట్టేవాళ్లకు

దసరా సెలవులు దగ్గరపడగానే విజయవాడలో, గుంటూరులో చాలా ఇళ్లలో అరకు మాట వస్తుంది. అడవి చూడాలి, కొండలు చూడాలి, చల్లగా ఉండాలి అంటే మన నోటికి ముందు వచ్చే పేరు అదే. ఎవరైనా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పేరెత్తితే మాత్రం రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. అంత దూరమా? అక్కడ భయం లేదా? మొదటి ప్రశ్నకు జవాబు సులువు. రెండోదాని సంగతి తర్వాత చెబుతాను.

విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఘాట్ ఎక్కి అరకు చేరడానికి ఇంకో 115. బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్ కూడా రోడ్డు మీద ఇంచుమించు అంతే, నాలుగు వందల పైచిలుకు. దారి వెతుక్కునే పని కూడా లేదు. మన ఇబ్రహీంపట్నం దగ్గర మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే కొండపల్లి, మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా నేరుగా జగదల్‌పూర్‌లో దిగబెడుతుంది. ఊరి పక్క నుంచి రోజూ లారీలు పోయే రోడ్డు చివర ఏముందో మనలో చాలామంది ఆలోచించరు.

రైలు కావాలంటే రెండు చోట్లకూ ఒకటే రైలు. రాత్రి బెజవాడలో ఎక్కి పొద్దున్నే విశాఖలో దిగి, కిరండూల్ ప్యాసింజర్ పట్టుకోవాలి. బస్తర్ వైపు బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను ఇది. దారి మొత్తం మీద 50కి పైగా సొరంగాలు. అరకులో మధ్యాహ్నం లోపే దిగిపోవచ్చు. జగదల్‌పూర్‌కైతే సాయంత్రం దాకా కూర్చోవాలి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ ఒక్క తేడా చాలు, అరకే మేలు అనుకోవడానికి. నేనూ కాదనను.

ఇక నేల సంగతి. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలు పెట్టుకున్న లోయ. దిగిన నిమిషం నుంచే కళ్లకు పండగ. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు విచ్చుకుంటే వాలు చేలన్నీ పసుపుపచ్చగా మారిపోతాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల మీదికి పాకిన మిరియాల తీగ. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన కుటుంబాలు చిన్న చిన్న తోటల్లో పండించే పంటకు ఇంత పేరు రావడం నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. కాఫీ పొడి కొనేటప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి.

బస్తర్ అలా ఎదురొచ్చి పలకరించదు. జగదల్‌పూర్ 550 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. చుట్టూ చదునైన వరిచేలు, సాల వృక్షాలు, ఇప్పచెట్లు. దిగినవాళ్లు 'కొండలేవి?' అని అడుగుతారు. చలి కూడా అరకంత ఉండదు. కానీ ఆ చదును నేల ఒక్కసారిగా విరిగిపోయే చోట్లున్నాయి, బస్తర్ అందమంతా అక్కడే. ఒడిశాలోని కలహండిలో పుట్టిన ఇంద్రావతి బల్లపరుపు నేల మీద మెల్లగా పారుతూ వచ్చి, జగదల్‌పూర్‌కు 40 కిలోమీటర్ల లోపే ఉన్న చిత్రకోట్ దగ్గర ఉన్నపళాన దూకేస్తుంది. ఎత్తు చెప్పుకుంటే 29 మీటర్లే. చూడాల్సింది వెడల్పు. వానాకాలంలో గుర్రపు లాడం ఆకారంలో ఉన్న అంచు మొత్తం నిండి, ఇటుక రంగు నీళ్లు ఒకే తెరగా కిందికి పడతాయి. గట్టు మీద నిలబడితే ముందు శబ్దం ఛాతీకి తగులుతుంది, తర్వాత తుంపర ముఖానికి. ఎండాకాలంలో అదే చోట నాలుగైదు పాయలు మిగులుతాయి. ఏప్రిల్‌లో చూసి వచ్చి బాగాలేదనేవాళ్ల మాట నమ్మకండి.

తీరథ్‌గఢ్ జలపాతం ఇంకో తరహా. కాంగేర్ లోయ జాతీయ పార్కులో ముంగాబహార్ వాగు 90 మీటర్ల రాతిగోడ మీద మెట్టుమెట్టుగా జారుతూ తెల్లగా నురగలు కక్కుతుంది. కిందిదాకా మెట్లు చాలా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనుంచే చూడాలి. 1982లో ఏర్పాటైన ఈ పార్కు విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. మనిషి గొంతును అనుకరించే కొండ గోరింకకు ఇది పుట్టిల్లు. 2025లో ఈ పార్కు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది.

గుహల విషయంలో నా ఓటు బొర్రాకే. విశాలంగా ఉంటుంది, దీపాలున్నాయి, పెద్దవాళ్లు కూడా నడవగలరు, ఏడాది పొడవునా చూడవచ్చు. కాంగేర్‌లోని కుటుంసర్ గుహ ఇరుకు, చీకటి, తేమ. గైడ్ పట్టుకున్న లైటు వెలుగులోనే నడవాలి. అక్కడి నీళ్లలో, చీకట్లో తరాలు గడిచి చూపు దాదాపు పోయిన చేపలున్నాయి. సైన్స్ మీద ఇష్టమున్న పిల్లలకైతే బొర్రా కంటే ఇదే నచ్చుతుంది. చిక్కేమిటంటే వానాకాలంలో ఈ గుహలను మూసేసి, నవంబరు ప్రాంతంలో తెరుస్తారు. చిత్రకోట్ నిండుగా ఉండే రోజుల్లో గుహలు తెరిచి ఉండవు, గుహలు తెరిచాక నీళ్లు తగ్గడం మొదలవుతుంది. ఏది వదులుకోవాలో ముందే తేల్చుకుని టికెట్లు తీసుకోవాలి.

ప్రకృతి వరకే చూసుకుంటే పోటీ సరిసమానం. నేను బస్తర్ వైపు మొగ్గడానికి కారణం దసరా.

బెజవాడ వాళ్లకు దసరా గురించి ఒకరు చెప్పక్కర్లేదు. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి కింద క్యూలో నిలబడ్డవాళ్లం, కృష్ణలో తెప్పోత్సవం చూసినవాళ్లం. మనకు పదిరోజుల పండగ. బస్తర్‌లో 75 రోజులు. మన లెక్కలో ఆషాఢ అమావాస్య నాడు, రథానికి తొలి దుంగ తెచ్చి పూజించడంతో మొదలవుతుంది. రాముడు, రావణుడు, దిష్టిబొమ్మ దహనం ఏవీ ఉండవు. అంతా దంతేశ్వరి అమ్మవారిదే. రథం చేసేది కొన్ని ఊళ్లవాళ్లు, తాళ్లు పేనేది ఇంకొన్ని ఊళ్లవాళ్లు, లాగేది మరికొందరు. ఎవరి పని వాళ్లకు తరాలుగా వస్తున్నదే. ముళ్ల ఊయల మీద పడుకోబెట్టిన ఒక చిన్నపిల్ల నోట దేవత అనుమతి ఇస్తేగానీ ముందుకు కదలరు. హల్బా తెగ యువకుడు ఒకడు గోతిలో కూర్చుని తొమ్మిది రోజులు దీక్ష పడతాడు, పండగ నిర్విఘ్నంగా సాగాలని.

విజయదశమి రాత్రి ఎనిమిది చక్రాల రథాన్ని ఊరంతా తిప్పాక మారియా తెగవాళ్లు దాన్ని 'దొంగిలించి' కుమ్‌డాకోట్ అనే చోటికి లాక్కుపోతారు. మర్నాడు రాజవంశీకుడు వాళ్ల దగ్గరికే వెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యపు అన్నం తిని, బతిమాలుకుని రథాన్ని వెనక్కి తెచ్చుకుంటాడు. రాజు జనం దగ్గరికి నడిచి వెళ్లి వాళ్లతో కూర్చుని తినడం పండగలో ఒక తంతుగా పెట్టుకున్నవాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారా? ఆ తర్వాత మురియా దర్బారు. ఊళ్ల పెద్దలు వచ్చి తమ కష్టాలు చెప్పుకునే సభ అది.

ఈ రాజవంశం మన ఓరుగల్లు నుంచి వెళ్లిందే. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టాడని చెబుతారు. దంతేశ్వరి ఆయన వెంట నడిచిందని, వెనక్కి తిరిగి చూడొద్దని మాట తీసుకుందని, శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఇసుకలో అమ్మవారి గజ్జెల చప్పుడు వినపడక ఆయన తిరిగి చూశాడని కథ. అమ్మవారు ఆగిపోయిన ఆ చోటే దంతెవాడ గుడి. మగవాళ్లు పంచె కట్టుకునే లోపలికి వెళ్లాలి. దగ్గర్లోని బార్సూరులో నాగవంశీయుల కాలపు గుళ్లున్నాయి. 32 స్తంభాల బత్తీసా గుడి, ఏకరాతి జంట వినాయకులు తప్పక చూడండి. అక్కడ దొరికిన 11వ శతాబ్దపు శాసనాల్లో తెలుగు శాసనం కూడా ఉంది.

అరకులో థింసా చూస్తాం. చేతులు కలుపుకుని ఆడవాళ్లు వేసే ఆ అడుగులు ఎన్నిసార్లు చూసినా బాగుంటాయి. అయితే మనం చూసేది చాలావరకు రిసార్టు ముందు, మన కోసం, మనం అడిగిన వేళకు ఆడేది. బస్తర్ దసరా మనం వెళ్లినా వెళ్లకపోయినా వాళ్ల కోసం వాళ్లు జరుపుకునేది. అక్కడ మనం అతిథులం, కస్టమర్లం కాదు. నాకు ఈ తేడా చాలా పెద్దది.

చరిత్రలో మాత్రం రెండు అడవులూ అక్కాచెల్లెళ్లు. 1910లో బస్తర్‌లో ధుర్వా తెగ గుండాధుర్ పేరున భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. మామిడి కొమ్మకు ఎర్ర మిరపకాయలు కట్టి ఊరూరికీ పంపితే అదే పిలుపు. పన్నెండేళ్ల తర్వాత, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. రెండు చోట్లా అడవిలో పోడు కొట్టొద్దు, కట్టె ముట్టొద్దన్న తెల్లదొరల చట్టాలే మంట పెట్టాయి. అరకు వెళ్లేవాళ్లు చింతపల్లి, కృష్ణదేవిపేట వైపు కూడా ఒక పూట కేటాయించాలని నా కోరిక. జిల్లాకు ఆయన పేరు పెట్టుకుని ఆ చోట్లు చూడకపోతే ఎలా?

కొనుక్కొచ్చే వస్తువుల్లో బస్తర్‌కు సాటి లేదు. జగదల్‌పూర్ దాటి అదే 30వ నంబరు రోడ్డు మీద ముందుకెళ్తే కొండగావ్ వస్తుంది, ఢోక్రా ఇత్తడి బొమ్మల ఊరు. మట్టితో లోపలి ఆకారం చేసి, తేనెమైనాన్ని జంతికల గొట్టం లాంటి దాంట్లోంచి సన్నటి దారాలుగా ఒత్తి, ఆ దారాలను ఒక్కొక్కటీ వేలితో అద్దుతూ ఏనుగుకు నగలు, గుర్రానికి కళ్లెం తీరుస్తారు. మీద మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. మట్టి పగలగొట్టాలి కాబట్టి ఒక అచ్చుకు ఒకే బొమ్మ. ఒకే రోడ్డుకు ఈ చివర పొణికి కర్రతో కొండపల్లి బొమ్మలు, ఆ వైపు ఇత్తడి బొమ్మలు. రెండూ ఒకే అరలో పెట్టుకోవచ్చు.

ఇప్పుడు భయం సంగతి. దాచిపెట్టి చెప్పే విషయం కాదు. 2013 మే 25న సుక్మా నుంచి జగదల్‌పూర్ వెళ్లే ఇదే రోడ్డు మీద, ఝీరమ్ లోయలో, కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద మావోయిస్టుల దాడి జరిగి ఎంతోమంది చనిపోయారు. రెండు వైపుల తుపాకుల మధ్య నలిగి ఊళ్లు వదిలి వచ్చిన గొత్తికోయలు భద్రాచలం, చింతూరు చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. ఈ మధ్య పరిస్థితి బాగా మారింది. 2025 అక్టోబరులో జగదల్‌పూర్‌లోనే 200 మందికి పైగా మావోయిస్టులు ఆయుధాలు అప్పగించారు. చిత్రకోట్, తీరథ్‌గఢ్ లాంటి చోట్లకు జనం కుటుంబాలతో వస్తూనే ఉన్నారు. అయినా కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. బయల్దేరే ముందు అక్కడి హోటల్ వాళ్లను అడిగి కనుక్కోండి. రాత్రి భద్రాచలంలో ఆగి, రాములవారి దర్శనం చేసుకుని, మర్నాడు పొద్దున్నే కుంట దాటండి. చీకటి పడ్డాక ఆ రోడ్డు వద్దు. అడవి లోపలి ఊళ్లకు సొంతంగా దూరిపోవద్దు, క్యాంపుల ఫొటోలు తీయొద్దు. ఇంత టెన్షన్ మాకెందుకు అనుకునేవాళ్లు రైల్లో వెళ్లండి, ఆ రోడ్డు అసలు ఎక్కక్కర్లేదు. అదీ ఇష్టం లేదంటే అరకుతో సరిపెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

రెండిటి మధ్యలో కోరాపుట్ ఉంది. 1936 దాకా మన విశాఖ జిల్లాలో భాగమే, ఇప్పటికీ చాలా చోట్ల తెలుగు నడుస్తుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు, ఇక్కడే. మచ్‌ఖండ్ నది మీద డుడుమా జలపాతం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన విక్రమదేవ వర్మ మహారాజు జయపురం ఈ జిల్లాలోదే. అయితే ప్రత్యేకంగా అక్కడికే వెళ్లమని చెప్పను. బస్తర్ రైల్లో వెళ్లేవాళ్లు మధ్యలో ఒక రాత్రి ఆగితే బాగుంటుంది.

కాబట్టి మూడు రోజులే ఉండి, వెంట చంటిపిల్లలో, మెట్లు దిగలేని పెద్దవాళ్లో ఉంటే అరకు. వారాంతం మాత్రం వద్దు. శీతాకాలం శని, ఆదివారాల్లో ఘాట్ రోడ్డు మీద కార్ల వరస చూడ్డానికే సమయం సరిపోతుంది. ఐదారు రోజులు తీరిక దొరికి, కాస్త నడవగలిగిన వాళ్లయితే బస్తర్, అదీ దసరాకే. కొత్త తిండికి సిద్ధమైతే సంతలో ఎర్రచీమల పచ్చడి రుచి చూడండి, పుల్లగా ఘాటుగా ఉంటుంది.

కొండ మీద అమ్మవారి దసరా వదిలి రాలేమంటారా? పూర్తిగా వదలక్కర్లేదు. దశమి సాయంత్రం తెప్పోత్సవం చూసుకుని మర్నాడు తెల్లవారుజామున ఇబ్రహీంపట్నంలో రోడ్డెక్కండి. రథాన్ని కుమ్‌డాకోట్ నుంచి వెనక్కి తెచ్చేది ఏకాదశి నాడే కాబట్టి అది అందకపోవచ్చు. మురియా దర్బారు, ఊరూరి దేవతలను సాగనంపే తంతు, చివర్లో దంతెవాడ నుంచి వచ్చిన మావ్లీ తల్లి పల్లకీకి వీడ్కోలు ఆ తర్వాతి రోజుల్లోనే. గదులు మాత్రం నెలా రెండు నెలల ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆ వారం జగదల్‌పూర్‌లో ఖాళీ దొరకడం కష్టం.