వెట్ ఫ్లై స్వింగ్ కోసం లైన్ కొంటున్నారా? పెట్టె మీది నంబర్ చూసి మోసపోకండి

నదిలో వెట్ ఫ్లై స్వింగ్ చేసేవాళ్లు, అంటే నీళ్లలో మునిగే కృత్రిమ ఈగని (ఫ్లై) ప్రవాహానికి అడ్డంగా ఈదించి చేపలు పట్టేవాళ్లు, కొత్త లైన్ కొనేముందు ఇది ఒకసారి చదవండి. నాకు డబ్బు పోయింది. అంతకన్నా బాధ, చేపలు బాగా తిరిగే రెండు వారాలు ఆ లైన్‌తో కుస్తీ పట్టడానికే సరిపోయాయి.

నాది 6 వెయిట్ రాడ్, అంటే 6 నంబర్ బరువు లైన్‌కి సరిపోయే గాలం కర్ర. పాత లైన్ పగుళ్లు పట్టి కొన మునిగిపోతుంటే కొత్తది ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె మీద డబ్ల్యూఎఫ్‌-6-ఎఫ్ అని ఉంది, అంటే వెయిట్ ఫార్వర్డ్ (బరువు ముందుభాగంలో ఉండేది), 6 నంబర్, తేలే లైన్. స్వింగ్‌కి పనికొస్తుందా అని ముందే అడిగాను. "నిక్షేపంగా వాడుకోండి" అన్నారు అమ్మినవాళ్లు.

విసిరితే దూరం బాగానే వెళ్లింది. ఫ్లై నీళ్లలో పడ్డాకే అసలు తలనొప్పి. స్వింగ్‌కి ప్రాణం మెండ్. మధ్యలో నీటి వేగానికి లైన్ విల్లులా వంగుతుంది, ఆ వంపుని రాడ్‌తో ఎత్తి ఎగువకి వేస్తేనే ఫ్లై నెమ్మదిగా అడ్డంగా ఈదుతుంది. నేను మెండ్ వేస్తే రాడ్ కొన దగ్గరున్న సన్నటి లైన్ మాత్రమే లేచి ఎగువకి పడింది. దాని అవతల లావుపాటి హెడ్ (లైన్ ముందువైపు బరువైన భాగం) ఉన్నచోట ఉన్నట్టే ఉంది. వంపు పెరిగిపోయి ఫ్లైని దిగువకి ఈడ్చుకుపోయింది. చేపలు తట్టి వదిలేశాయి తప్ప ఒక్కటీ గట్టిగా పట్టలేదు.

ఇంటికొచ్చి కొలిస్తే హెడ్ 33 అడుగులే. నేను వేసేది 45, 50 అడుగులు. అంటే హెడ్ మొత్తం బయటికెళ్లి, నా చేతికీ దానికీ మధ్య సన్నటి రన్నింగ్ లైన్ మిగులుతోంది. సన్నటి దారంతో బరువైన తాడుని పక్కకి తిప్పడం ఎవరి వల్లా కాదు.

అనుమానమొచ్చి తూకం కూడా వేశాను. కొనన ఒకే లావుతో ఉండే లెవెల్ ముక్క వదిలేసి, హెడ్‌లో 30 అడుగులు గిన్నెలోకి చుట్టి వంటింటి డిజిటల్ త్రాసు మీద పెడితే 13 గ్రాములు చూపించింది. ప్రామాణిక లెక్కలో ఆ 30 అడుగులు 6 నంబర్‌కి 160 గ్రెయిన్లు, అంటే సుమారు 10.4 గ్రాములు ఉండాలి. 7కి 12, 8కి 13.6. నాకు 6 అని అమ్మింది దాదాపు 8! కొత్తరకం గట్టి రాడ్లు సులువుగా వంగాలని ఇలా బరువు పెంచి చేసే లైన్లు చాలానే ఉన్నాయి. ఆ సంగతి పెట్టె మీద స్పష్టంగా రాయకపోవడమే నాకు కోపం. చిన్న వెట్ ఫ్లైతో మెత్తగా దించాల్సిన చోట అది నీళ్ల మీద చప్పుడు చేస్తూ పడుతోంది.

వాపసు అడిగితే "రీలుకి చుట్టారు, తడిపారు, తీసుకోం" అన్నారు. అందుకే కొత్త లైన్ రాగానే చుట్టేయకండి. దాని ప్లాస్టిక్ స్పూల్ మీద నుంచే జాగ్రత్తగా విప్పి కొలవండి, తూచండి.

కొనేటప్పుడు నంబర్ కన్నా ముందు హెడ్ పొడవు, 30 అడుగుల బరువు అడగండి. ఆ రెండూ చెప్పని చోట కొనకండి. స్వింగ్‌కి నా ఓటు డబుల్ టేపర్‌కే, అంటే రెండు కొనలూ సన్నబడే లైన్‌కి. నడుమంతా ఒకే లావు కాబట్టి ఎంత దూరంలో ఉన్నా మెండ్ అందుతుంది, లైన్‌ని వెనక్కి విసరకుండా ముందుకే దొర్లించే రోల్ కాస్ట్ కూడా హాయిగా పడుతుంది. ఒక కొన అరిగితే తిప్పి వాడుకోవచ్చు. వెయిట్ ఫార్వర్డే కావాలంటే 50 అడుగులకి తగ్గని హెడ్ చూసుకోండి. లోతుకి దించాలంటే కొన మాత్రమే మునిగే సింక్ టిప్ తీసుకోండి, మొత్తం మునిగే లైన్‌ని నీళ్లలో మెండ్ చేయలేరు. ఇంకోటి, రెండు చేతులతో విసిరే పొడవాటి స్పే రాడ్ల లైన్ల నంబర్లకి బరువు లెక్కే వేరు. అక్కడి 6 చూసి ఒంటిచేతి రాడ్‌కి కొనేయకండి, అది చాలా బరువు.

ఇప్పుడు డబుల్ టేపర్ 6 వేసుకున్నాను. తూచాకే చుట్టాను. 10.5 గ్రాములు వచ్చింది.