వెనక ఇరుసు మోత: పినియన్ బేరింగ్ మార్చి 48,000 కిలోమీటర్లు తిరిగాక

మదనపల్లె మండీ నుంచి చెన్నై కోయంబేడుకు టమోటా తోలే పికప్ నాది. 2018లో కొన్నాను, ఇప్పుడు మీటరు 1,90,000 దగ్గరుంది. 1,42,000 దగ్గర వెనక నుంచి మోత మొదలైంది. ఒకసారి అనవసరపు రిపేరుకు డబ్బు పోసి, ఇంకోచోట పెద్ద బిల్లు విని భయపడి, మూడోచోట బాగు చేయించుకున్నాను. ఆ రిపేరు మీద ఇంత దూరం తిరిగాను కాబట్టి ఇప్పుడు నమ్మకంగా రాయగలుగుతున్నాను.

మోత ఎలా ఉండేదో ముందు చెప్పాలి, రోగం ఎక్కడుందో అదే చెబుతుంది. వేగం 45 దాటగానే "ఊఁ..." అని సన్నగా మొదలయ్యేది. 60కి వచ్చేసరికి పాటలు పెట్టుకున్నా వినిపించేది. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు, మూడో గేరులో ఆక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే గొంతు మారి గరగరలాడేది. మళ్లీ తొక్కితే తగ్గేది. చదును రోడ్డు మీద ఖాళీ బండిని కాసేపు న్యూట్రల్‌లో వదిలి చూశాను. ఇంజిన్ నెమ్మదించినా మోత చక్రాల వేగంతోనే నడిచింది. ఇంజిన్, క్లచ్ కాదని అప్పుడే తేలిపోయింది.

మొదట చూపించిన చోట విన్న వెంటనే రెండు వైపులా హబ్ బేరింగులు, అంటే చక్రం తిరిగే బేరింగులు, మార్చేశారు. 4,200 అయింది, మోత అలాగే ఉంది. హబ్ బేరింగ్ పోతే మలుపులో బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు సౌండ్ పెరగడమో తగ్గడమో జరుగుతుంది. నా బండికి ఎటు తిప్పినా తేడా లేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నా డబ్బు మిగిలేది. రెండో చోట క్రౌన్ పినియన్ సెట్టే మార్చాలన్నారు, 35,000. ఇరుసు మధ్యలో షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్, అది తిప్పే పెద్ద పళ్ల చక్రం క్రౌన్. ఆ నెల ఈఎంఐ కూడా కట్టాలి. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

చివరికి తోటి డ్రైవర్లు చెప్పిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ భాయ్ అనే పిలుస్తారు. "క్రౌన్ విప్పేది ఆఖరి పని తమ్ముడూ, ముందు టైర్లు చూద్దాం" అన్నాడు. వెనక టైర్లు ముందుకు, ముందువి వెనక్కి మార్చి ఒక రౌండు తిప్పి రమ్మన్నాడు. టైరు మోతైతే చోటు మారాలి. మారలేదు. తర్వాత ఇంజిన్ వైపు నుంచి వెనక ఇరుసుకు వచ్చే పొడవాటి షాఫ్ట్ అతుకుల్లో ఉండే జాయింట్ క్రాసులు, దాన్ని మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ కదిపి చూశాడు, బాగున్నాయి. వెనక భాగం లేపి స్టాండ్ల మీద పెట్టి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, షాఫ్ట్ విప్పి, అది బిగించే పినియన్ ఫ్లాంజిని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు. నా చెయ్యి కూడా పెట్టించాడు. సన్నగా "టిక్ టిక్"మని వేలికి తగిలింది. అక్కడ అసలు ఆట, అంటే వదులు, ఉండకూడదట.

ఆయిల్ దించితే రెండు లీటర్లకు లీటరు కూడా రాలేదు. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి ఇనప రజను బొచ్చులా అంటుకుని ఉంది. హౌసింగ్ విప్పితే క్రౌన్ పళ్లు శుభ్రంగా ఉన్నాయి, ఒక్కదానికీ గుంట లేదు. పోయింది పినియన్ ముందు బేరింగ్. రోలర్లు గుంటలు పడి, అవి తిరిగే బయటి గిన్నె వేడికి గోధుమ రంగుకు తిరిగింది. ఆయిల్ తగ్గితే మొదట ఎండేది ఈ బేరింగే.

మరి ఆయిల్ ఎటు పోయింది? ఈ ప్రశ్న భాయ్ తప్ప ఎవరూ అడగలేదు. ఇరుసు పైన చిన్న బ్రీదర్ ఉంటుంది, వేడెక్కిన గాలి పోయే దారి. చేలల్లో తిరిగి తిరిగి అది మట్టితో గట్టిగా పూడుకుపోయింది. గాలికి దారి లేక ఆయిల్‌ను పినియన్ సీలు గుండా నెట్టేసింది. బ్రీదర్ తుడవకుండా సీలు ఒక్కటే మార్చి ఉంటే మళ్లీ లీకయ్యేది.

బిగింపు దగ్గర ఆయన ఓపిక చూసి నాకు గౌరవం పెరిగింది. పినియన్ ఎత్తు సరిచేసే పాత షిమ్ (పల్చటి రేకు) అలాగే ఉంచి, పినియన్ బేరింగులు రెండూ, సీలు, వాటి మధ్య బిగించినకొద్దీ నలిగే లోపలి స్లీవు కొత్తవి వేశాడు. ఎంత బిగువుగా తిరుగుతోందో తెలియడానికి ఫ్లాంజికి తాడు చుట్టి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగుతూ, నట్టు కొంచెం కొంచెంగా బిగించాడు. ఒక్క పిసరు ఎక్కువైతే వెనక్కి వదులు చేయకూడదు, ఇంకో కొత్త స్లీవు వేయాల్సిందేనట. తర్వాత డయల్ గేజ్ పెట్టి బ్యాక్‌లాష్, అంటే రెండు చక్రాల పళ్ల మధ్య సందు, 0.18 మిల్లీమీటర్లు చూపించాడు. పళ్లకు రంగు పూసి తిప్పితే మచ్చ పంటి నడిమధ్య పడింది, అంటే పళ్లు సరిగ్గా కలుస్తున్నాయి. కూలితో కలిపి మొత్తం 9,400.

ఇప్పటి పరిస్థితి నిజంగా ఎలా ఉందంటే, 60 క్రేట్ల లోడుతో 65 వరకు వెనక చప్పుడే లేదు. 70 పైన కాలు తీస్తే సన్నని కూత వస్తుంది. అరిగిన పాత పళ్లు, కొత్త బేరింగులు కదా, అంత మాత్రం ఉంటుందని భాయ్ ముందే చెప్పాడు. మొదటి రోజు ఎంత ఉందో ఇప్పుడూ అంతే. 1,65,000 దగ్గర రివర్స్ వేయగానే "టక్" అనడం మొదలైంది, అది జాయింట్ క్రాసు, మార్చాను. కమాన్ పట్టీల చివర ఉండే బుష్షుల కిర్రు వేరే సంగతి, గుంతల్లోనే వస్తుంది.

మీ బండికి ఇలాంటి మోత వస్తే, సెట్ మార్చాలని చెప్పేవాళ్లను పళ్లు చూపించమనండి. ఆయిల్ గ్రేడు బండి పుస్తకంలో ఉన్నదే పోయించండి. నేను 5,000 కిలోమీటర్లకు ఒకసారి బ్రీదర్‌ను డీజిల్‌తో, బ్రష్‌తో కడుగుతాను, మూత వేలితో తిరుగుతోందో లేదో చూస్తాను. పోయిన వారం ఫిల్లర్ ప్లగ్గు విప్పి వేలు పెట్టాను. ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉంది, సీలు కింద తడి లేదు.